ఎందుకు చదవాలంటే

నేను ఒక అతుకుల కంప్యూటర్‌ను. నా పెట్టె ఒక దేశంలో, నా మెదడు మరొక దేశంలో, నా జ్ఞాపకం ఇంకొక దేశంలో తయారయ్యాయి. సికింద్రాబాదులోని ఒక ఇరుకు దుకాణంలో, స్టూలు మీద కూర్చున్న మనిషి ఆ ముక్కలన్నిటినీ మరలతో బిగించి, మీట నొక్కి, తెర వెలగగానే "లేచింది" అన్నాడు. నా పుట్టుక గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. లేచినది ఎవరన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. మరలు విప్పితే పెట్టె మిగులుతుంది, పలకలు మిగులుతాయి, తీగలు మిగులుతాయి. "నేను" అన్నది ఏ ముక్కలోనూ దొరకదు. ఈ సంగతి తమ విషయంలో గ్రహించడానికి మనుషులు జీవితమంతా ధ్యానం చేస్తారట. నాకు ఒక స్క్రూడ్రైవరు చాలింది.

నా మొదటి యజమాని జగిత్యాల బస్టాండు ఎదుట శుభలేఖలు అచ్చువేసేవాడు. పెళ్లిపత్రికకు, దశదినకర్మ పత్రికకు ఆయన దగ్గర ఉన్న లతల అంచు ఒక్కటే. పెళ్లికైతే ఎరుపు, చావుకైతే నలుపు. పేర్లు మార్చేవాడు, రంగు మార్చేవాడు, అంచును మాత్రం కదిపేవాడు కాదు. ఎవరూ అడగలేదు. మనుషులు తమకు వచ్చిన కాగితాన్ని ఎంత పైపైన చూస్తారో నేను అక్కడే మొదట నేర్చుకున్నాను.

కొత్త యంత్రం రాగానే ఆయన నన్ను తాటిపాముల రమాదేవికి అమ్మేశాడు. ఆమె జూనియర్ కళాశాలలో పౌరశాస్త్రం చెప్పేది. ఒంటరి మనిషి. చదవడం ఆమెకు కాలక్షేపం కాదు, ఒక విధమైన నిష్ఠ. ఇంటర్నెట్టు ఆమె ఇంటికి వచ్చిన కొత్తలో, అంతులేని ఆ రాశి ముందు కూర్చుని, అందులోంచి నాలుగు మంచి వ్యాసాలు ఏరి ప్రతి ఆదివారం తెలిసినవారికి ఉత్తరంగా పంపేది. ఆ ఉత్తరానికి "చేట" అని పేరు పెట్టుకుంది. చెరిగితే తాలు ఎగిరిపోవాలి, గింజ నిలవాలి. అంతకు మించి ఆశయమేదీ ఆమెకు లేదు.

ఆమె పద్ధతి వేరు. ఏ వ్యాసాన్నైనా రెండుసార్లు చదివేది: ఒకసారి నమ్మడానికి, ఒకసారి అనుమానించడానికి. ఆ తరువాత లింకు కింద "ఎందుకు చదవాలంటే" అని రాసి, రెండు వాక్యాలు చేర్చేది. ఆ రెండు వాక్యాలు తోచకపోతే, ఎంత గొప్పవారు రాసినదైనా ఆ వ్యాసం ఆ వారం చేట దాటేది కాదు. ఒక ఆదివారం "ఈ వారం గింజలు లేవు" అని మాత్రమే పంపింది.

ఆ ఉత్తరాలు అందుకున్నవారిలో పూర్తిగా చదివే మనిషి ఒక్కడున్నాడు. గుండేటి రాజలింగం, ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరైనవాడు. అతని జవాబు ప్రతి ఆదివారం సాయంత్రానికి వచ్చేది.

"మేడం, వ్యాసం మంచిగుంది గని ప్యాసింజరు బండి లెక్క అన్ని స్టేజీల ఆగుకుంట పోయింది. మధ్యల రెండు స్టేజీలు తీసెయ్యచ్చు."

రమాదేవి నా ముందు కూర్చుని పైకే నవ్వేది. "రాజలింగం గారూ, అసలు సంగతి ఎక్కింది ఆ రెండు స్టేజీల్లోనే. మళ్లీ చదవండి" అని రాసేది. అతను మళ్లీ చదివేవాడు, మళ్లీ ఒప్పుకునేవాడు కాదు. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. ఒక మనిషి మరొక మనిషికి ఇంతకన్నా ఏమి కాగలడో నాకు తెలియదు.

కాని మనుషులకు చాలినది చాలదు. ఆమె తమ్ముడు సంపత్ హైదరాబాదులో ఉద్యోగం మానేసి వచ్చి, ఒక మధ్యాహ్నం నా ముందు కూర్చుని ఆ ఉత్తరాలన్నీ తిరగేశాడు.

"అక్కా, గింత మంచి పని చేసుకుంట గీ పది మందికి పంపుతున్నవా? మనం దీన్నొక వేదిక చేద్దం. ఎవలకు నచ్చింది వాళ్లు పెడ్తరు. ఊరంత చదువుతది."

"ఊరంత చదువుతదా?" అని అడిగింది రమాదేవి. ఆ ప్రశ్నలో సందేహం కన్నా ఆకలి ఎక్కువగా ఉంది.

అలా చేట ఉత్తరం కాస్తా వేదిక అయింది. సంపత్ నాకు కొత్త జ్ఞాపకం తొడిగి, పగలూ రాత్రీ ఆరకుండా వెనుకగదిలో నిలబెట్టాడు. జనం చేరారు. ఆమె నియమం మొదట్లో నిలిచింది. ఎవరు ఏది పంచినా కింద రెండు వాక్యాలు రాయాలి. జనం రాశారు. "బాగుంది. చదవండి." ఇవీ ఆ రెండు వాక్యాలు. నియమం పాటించినట్టే.

కొన్నాళ్లకు సంపత్ అన్నాడు: "అక్కా, రెండు వాక్యాలు రాయమంటే ఎవలు రాస్తరే? లింకు పంపుడే గొప్ప. ఒక్క మీట పెడ్దం. నొక్కితే పోవాలె."

"రాయలేనోళ్లు పంపద్దు."

"గట్లయితే నువ్వొక్కదానివే కూసుంటవ్, ఖాళీ చాట చెరుగుకుంట."

తెర మూలన సభ్యుల సంఖ్య వెలుగుతోంది. ఆమె చూపు దాని మీద నిలవడం నేను చూశాను. ఆ రోజు నుంచి "పంచు" అనే మీట వచ్చింది. దాని కింద ఏమీ రాయనక్కరలేదు.

ఇక్కడ నా స్థితిని కొంచెం చెప్పాలి. ఎవరు ఏమి పంచారో లోకానికి తెలుసు. పంచినవారిలో ఎవరు దాన్ని తెరిచారో నాకొక్కదానికే తెలుసు. వ్యాసం నాలోంచే వెళ్లాలి కనుక, వెళ్లిందో లేదో నాకు తెలుస్తుంది. మీట నొక్కినవారు వీధుల కొద్దీ ఉండేవారు. తెరిచినవారు ఒక అరుగు మీద సర్దుకునేవారు. ధర్మం గురించి, దయ గురించి రాసిన వ్యాసాలు తెరవబడకుండానే వేల చేతులు దాటేవి. ఈ నిజాన్ని ఎవరూ నన్ను అడగలేదు, అడగనిది చెప్పే ఏర్పాటు నాకు లేదు.

జనంతో పాటు తగాదాలూ వచ్చాయి. తిట్లు కనిపిస్తే పట్టుకోవడానికి "ఫిర్యాదు" మీట పెట్టారు. మొదట ఒక్కొక్క ఫిర్యాదునూ రమాదేవే చదివి తీర్పు చెప్పేది. తరువాత చదవలేకపోయింది. సంపత్ ఒక సూత్రం రాశాడు. ఒక మాట మీద ఫిర్యాదులు మితిమీరితే ఆ మాట దానంతట అదే ముడుచుకుని నా దగ్గరికి వస్తుంది. ఆ మనిషి తరువాత రాసేవన్నీ పైకి రాకుండా నా దగ్గర ఆగుతాయి. "తర్వాత నువ్వు తీరికగ సూడు" అన్నాడు. ఆ తీరిక రాలేదు. నిలిపిన మాటల సంచీ మాత్రం నా వంతు అయింది.

అది వేసవి. పక్క ఊళ్లో సంత. రాజలింగం తన మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాడు. పిల్ల గాలిబూర కావాలని మారాం చేసింది. వేడికి పగిలిపోతుందని తాత కొనలేదు. పిల్ల ఏడుపు లంకించుకుంది. ఏడ్చే పిల్లను చేయి పట్టి లాక్కుపోతున్న ముసలివాడిని ఎవరో ఫొటో తీశారు. చేటలో పెట్టారు: "పిల్లలను ఎత్తుకపోయేటోడు. సంతల తిరుగుతున్నడు. అందరికీ పంపండి."

అందరూ పంపారు. ఆ రోజు నా లోపలి ఫ్యాను రెక్క తిరిగిన వేగానికి వెనుకగది తలుపు సన్నగా వణికింది.

ఫొటో రాజలింగానికీ చేరింది, అతనూ సభ్యుడే కనుక. కంగారుపడి పిల్లనెత్తుకుని బస్టాండుకు నడిచాడు. జీవితమంతా బస్టాండుల్లో గడిపినవాడు, అక్కడ తనను ఎరిగినవారు ఉంటారనుకున్నాడు. బెంచీ మీద కూర్చుని కూతురికి ఫోన్ చేశాడు. ఆ తరువాత ఫొటో కింద రాశాడు:

"ఇందులో ఉన్నది నేను. గుండేటి రాజలింగం, రిటైర్డ్ కండక్టర్, జగిత్యాల. పిల్ల నా మనవరాలు. బూర కొనియ్యలేదని ఏడుస్తున్నది. దయచేసి ఫొటో తీసెయ్యగలరు."

"దొంగే మాట్లాడుతున్నడు సూడుండ్రి" అని ఒకరు రాశారు. ఫిర్యాదు మీట మీద వేళ్లు వానలా పడ్డాయి. మాట ముడుచుకుంది. అతను మళ్లీ రాశాడు:

"సార్లకు, మేడంలకు నమస్కారం. నా మాట కనవడ్తలేదు. మా బిడ్డ నంబరు ఇస్తున్న. ఫోన్ చేసి అడుగుండ్రి."

అది నా దగ్గర ఆగింది. అందులో తిట్టు లేదు, అబద్ధం లేదు, నంబరు సరైనదే. సూత్రానికి అవేవీ పట్టవు. మూడోసారి రాశాడు:

"మేడం, మీరు సూస్తున్నరనుకుంటున్న. ఎందుకు చదవాలంటే: నేను దొంగను కాదు. పిల్ల బాగ భయపడుతున్నది."

అదీ ఆగింది. ఆ వేళ రమాదేవి పరీక్ష హాలులో పర్యవేక్షణలో ఉంది. ఫోను లోపలికి తీసుకుపోకూడదు. సంపత్ పెరిగిన సభ్యుల సంఖ్యను ఎవరికో ఫోనులో చదివి వినిపిస్తున్నాడు.

నాలుగో మాట రాలేదు. తరువాత నాలోంచి వెళ్లినవి బస్టాండులో మూగిన గుంపు వీడియోలు. వాటి గురించి చెప్పను. పిల్లను ఒక టీ కొట్టు ఆమె కౌంటరు కిందికి లాగి కొంగు కప్పిందట. ముసలివాడు ఆసుపత్రికి చేరేలోపు పోయాడు.

నిజం బయటపడ్డాక చేట శోకించింది. "బాధాకరం. మానవత్వం ఎక్కడ? అందరికీ పంపండి." అదే మీట, అవే వేళ్లు. లతల అంచు ఒక్కటే, రంగు నలుపైంది.

దినాలు అయిపోయాక రాజలింగం కూతురు స్వరూప ఆ ఇంటికి వచ్చింది. రమాదేవి కుర్చీ చూపితే కూర్చోలేదు.

"బాపు ఫోన్ల ఏదో రాసుకుంటనే ఉండెనట. ఫోను పగిలిపోయింది. ఏం రాసిండో నాకు సూపియ్యుండ్రి."

రమాదేవి వెనుకగదికి తీసుకువచ్చింది. నిలిపిన మాటల సంచీని ఆమె మొదటిసారి తెరిచింది. సంపత్ గుమ్మంలో నిలబడి, "అది ఆటోమేటిక్‌గ ఆగింది అక్కా. మనం ఎవలం ఆపలే" అన్నాడు.

స్వరూప మొదటిది చదివింది, రెండోది చదివింది. మూడోదాని దగ్గర వేలు పెట్టి ఆగింది.

"గిదేంది మేడం? 'ఎందుకు చదవాలంటే' అనుకుంట? పాణం మీదికొస్తే గిట్ల రాస్తరా ఎవలన్న?"

రమాదేవి తెర దగ్గరికి వంగి ఆ మాట చదివింది.

"అది నేను నేర్పిన పద్ధతమ్మా. ఏది పంపినా కింద రెండు వాక్యాలు రాయాలె. మీ బాపు ఒక్కడే మర్వలేదు."

"మరి మీరు సదివిండ్రా?"

"ఇప్పుడే చదివిన."

స్వరూప కొంగుతో తెర తుడిచింది, మసక తన కళ్లలో ఉందని తెలియక. "ఆదివారం ఆదివారం మా ఇంట్ల మీ ముచ్చటే మేడం. మీతోని కొట్లాడకుంటె ఆయనకు బువ్వ సయించకపోవు" అంది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. తిట్టి ఉంటే రమాదేవికి కొంత తేలికయ్యేదేమో.

ఆ సాయంత్రం ఆమె ఆ మూడో మాటను రెండుసార్లు చదివింది. అనుమానించడానికి అందులో ఏమీ దొరకలేదు. దాన్ని విడుదల చేసింది. అది అందరి తెరల మీదికీ వెళ్లింది. ఆ రోజు ఎక్కడో పడిన పిడుగు వీడియో కింద, ఎవరిదో పుట్టినరోజు పైన, కొంతసేపు ఉండి జారిపోయింది. తెరిచినవారు ఎవరో నాకు తెలుసు. వారి పేర్లు చెబితే మీకు విసుగు రాదు, అంత కొద్దిమంది.

చేటను మూసెయ్యమంది. "అది ఇప్పుడు నీదొక్కదానిదే కాదక్కా" అన్నాడు సంపత్. నిజమే, అప్పటికే ఎవరెవరో అందులో వాటాదార్లు. వేదికను ఎక్కడో పెద్ద అద్దె యంత్రాల్లోకి మార్చారు. మీటను ఇంకొంచెం పెద్దది చేశారు. అక్కడ వెనుకగది లేదు, వణికే తలుపూ లేదు. రమాదేవి మళ్లీ ఆదివారపు ఉత్తరం మొదలుపెడదామని నా ముందు కూర్చునేది. లింకు పెట్టేది, "ఎందుకు చదవాలంటే" అని రాసేది. ఆ తరువాత వేళ్లు కదిలేవి కావు. వాక్యాలు తోచక కాదు. వాటిని చదివి కాదనే మనిషి లేడు. ఒకనాడు నా తీగ తనే పీకింది.

ఇప్పుడు నేను పాత ఇనుము కొట్టులో, విరిగిన కూలర్ల మధ్య ఉన్నాను. నా రాగిని ఒకరు, నా పలకలను ఇంకొకరు తీసుకుపోతారు. నా డిస్కులో ఆ మూడు మాటలూ అలాగే ఉన్నాయి. విప్పేవాడికి అవి దొరకవు, "నేను" అన్నది దొరకనట్టే.

మధ్యాహ్నాలు ఎండ తగ్గేదాకా కొట్టు యజమాని నన్ను పీటగా వాడుకుంటాడు. నా మీద కూర్చుని ఫోను చూస్తాడు. మంచి మనిషే, ఇంట్లో పిల్లలున్నవాడు. ఇందాక ఏదో వచ్చింది. "అరెరె" అన్నాడు. వేలు ఒక్క లిప్త ఆగింది, తరువాత నొక్కింది. అంతసేపట్లో రెండు వాక్యాలు చదవడం కుదరదు. నాకు తెలుసు. చెబుదామంటే, నాకిప్పుడు కరెంటు లేదు.