సగం మోపు

మా తమ్ముడు బాల్‌రాజ్ చనిపోయిన రోజు రెండో శనివారం. బడికి సెలవు. వాడు పొద్దున్నే టట్టును తోలుకుని చేనుకు పోయాడు. తమ్ముడి భార్య ఊళ్ళోకి పోయింది. నేను ఒక్కడినే ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్నాను.

మా ఊరు తాండూరుకు ఏడు కిలోమీటర్ల దూరంలో ఉంది, మా చేను ఊరి పక్క వాగుకు అవతల. మూడెకరాల కంది. కాయ కొట్టాక మిగిలే కట్టెతో మా ఇంట్లో ఏడాది పొడవునా పొయ్యి మండుతుంది. వాగు దాటే దారి నాపరాళ్ళ కుప్పల మధ్య ఇరుకుగా ఉంటుంది, ట్రాక్టరు పోదు. అందుకే బాల్‌రాజ్ టట్టు అనే ఈ పొట్టి గుర్రాన్ని తెచ్చి పని నేర్పాడు. చేనులో వాడు దాని వీపుకు రెండు వైపులా సమంగా మోపులు కట్టేవాడు. దారిలో పరుల చేలల్లో నోరు పెట్టకుండా మూతికి తాళ్ళతో అల్లిన చిక్కం కట్టేవాడు. వీపు మీద ఒకసారి తట్టి వదిలేస్తే అది ఒక్కటే ఇరవై నిమిషాలు నడిచి వచ్చి మా గుమ్మం ముందు నిలబడేది. ఇంట్లో ఉన్నవాళ్ళు మోపులు దించి, నీళ్ళు పెట్టి, మళ్ళీ చేను వైపు తిప్పి పంపాలి. సెలవురోజుల్లో ఆ పని నాది.

ఆ రోజు రెండో విడత కట్టె పదిన్నర దాటాక రావాలి. టట్టు పది గంటల పది నిమిషాలకే వచ్చింది. రెండు వైపులా సగం సగం మోపులే ఉన్నాయి. కిటికీలోంచి చూశాను. తమ్ముడు ఇవాళ బద్ధకించాడనుకున్నాను. నా ముందు ఇంకా పదకొండు పేపర్లున్నాయి. కట్ట మధ్యలో లేస్తే అందరికీ ఒకే తీరుగా మార్కులు పడవని నాకొక పట్టింపు. అవి ముగించి లేచేసరికి పదకొండు దాటింది. అంతసేపూ టట్టు బరువుతోనే నిలబడి ఉంది.

చిక్కం ముడి విప్పి, కట్టె దించి, బకెట్టు ముందు పెట్టాను. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు. పక్క చేను నర్సింహులు పరుగెత్తుకొచ్చాడు.

"సార్, టట్టు ఎప్పుడొచ్చింది?"

"ఇప్పుడే."

"బాల్‌రాజ్ ఏపచెట్టు కింద పడున్నడు. రొమ్ము పట్టుకొని మెలికలు తిరుగుతున్నడు. టట్టును ఎప్పుడో తోలిన, అన్న ఉరికొస్తడు అని గదే మాట అంటున్నడు. నడువుండ్రి సార్, బండి తియ్యుండ్రి!"

తమ్ముడి ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంది. కట్టె మోసేటప్పుడు జేబులోంచి జారిపోతుందని వాడు ఎప్పుడూ వెంట తీసుకుపోడు. వేళ కాని వేళ సగం మోపుతో టట్టు వస్తే అన్న అర్థం చేసుకుంటాడని అనుకున్నాడు.

తాండూరులో ఆసుపత్రికి చేరేసరికి ప్రాణం లేదు. ఒక గంట ముందు తెచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆ మాట తమ్ముడి భార్య పద్మారాణి విన్నది. ఆ గంట ఎక్కడ పోయిందని ఆమె నర్సింహులును అడిగింది.

"టట్టు ఇల్లు చేరే యాల్లకే పదకొండు దాటిందట చెల్లె. నడుమల యాడనో మేసుకుంట నిలబడ్డట్టుంది" అన్నాడు అతను.

నా నోటి మాట నమ్మే అతను అలా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. సరిదిద్దలేదు. సాయంత్రానికి ఊరంతా అదే మాట అయింది.

దినాలు అయిన మర్నాడు పద్మారాణి నాకు అన్నం పెట్టి గుమ్మం దగ్గర కూర్చుంది. నా భార్య పోయి ఆరేళ్ళు. అప్పటినుంచి నా భోజనం, పడక తమ్ముడి ఇంట్లోనే.

"బావా, గా టట్టు నా కండ్ల ముంగట వద్దు. దాని మొకం జూస్తే నాకు ముద్ద దిగుతలేదు. ఎవలకన్న ఇచ్చెయ్యుండ్రి."

"జర ఆగు పద్మా. పని తెలిసిన జీవం."

"ఏం తెలిసింది? మనిషి పాణం పోతుంటె గడ్డి తెలిసింది దానికి."

"నేను చూసుకుంటలే."

"మీరా? మీ చెప్పులే మీకు దొరకయి, టట్టును చూస్కుంటరా!" అని ఆమె నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఆ నిమిషంలో చెప్పవలసింది. కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయాను.

ఆ ఆదివారమే కొడంగల్ నుంచి ఇమాముద్దీన్ వచ్చాడు. ఇటుక బట్టీలకు గుర్రాలు, గాడిదలు ఇచ్చే మనిషి. టట్టు పెదవి ఎత్తి పళ్ళు చూశాడు. నాలుగు గిట్టలూ ఎత్తి చూశాడు.

"జాన్వర్ మస్తుగున్నదమ్మా. ఎందుకిస్తున్నరు? తంతదా?"

"తన్నిన బాగుండు. మా ఆయన పాణం మీదికొచ్చి దీన్ని ఇంటికి తోలితే, దారిల మేసుకుంట గంట సేపు నిలబడ్డది."

"ఒక్కటే వస్తుండెనా?"

"ఒక్కటే. ఆయన నేర్పిండు."

గుంజకు తగిలించిన చిక్కాన్ని ఇమాముద్దీన్ చేతిలోకి తీసుకున్నాడు. "గిది కట్టి పంపుతుండెనా?"

"కట్టకుంట ఎన్నడు పంపలే."

"మరి గిది మూతికి ఉండంగ ఎట్ల మేస్తదమ్మా, చెవులతోనా?" అని నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు.

పద్మారాణి నా వైపు తిరిగింది.

"బావా, ఆ దినం మోపు దించింది మీరే గద. చిక్కం ఉండెనా?"

ఉంది. ముడి బిగుసుకుపోయి ఉంటే గోళ్ళతో లాగి విప్పాను. వేలికి తాడు ఒరుసుకుంది కూడా. ఆమె అడిగింది చాలా చిన్న ప్రశ్న. ఉందనో లేదనో ఒక్క మాట చెబితే చాలు.

"యాదికి లేదమ్మా" అన్నాను.

ఆమె తనే జవాబు వెతుక్కుంది. "ఆయననే మరిచిండేమో. రొమ్ముల అంత నొప్పి లేస్తుంటె చిక్కం యాడ యాదికుంటది?"

అంతవరకు నా తప్పు టట్టు మీద ఉండేది. ఇప్పుడు కొంత చనిపోయిన తమ్ముడి మీదికి కూడా పోయింది. ఇమాముద్దీన్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తన బండి వెనక పలక దించాడు. టట్టు ముందుకాళ్ళు తన్నిపెట్టి కదలలేదు. పద్మారాణి ఇంట్లోకి పోయింది. నేను తాడు పట్టుకుంటే ఎక్కింది.

"అరె, సార్ పట్టుకుంటె బకరీ లెక్క ఎక్కె చూడు" అన్నాడు ఇమాముద్దీన్.

పోయిన వారం బస్సులో కొడంగల్ పోయి, ఇమాముద్దీన్‌ను వెంటబెట్టుకుని బట్టీ దగ్గరికి వెళ్ళాను. టట్టు పచ్చి ఇటుకలు మోస్తోంది. వీపు మీద రెండు చోట్ల రాసుకుపోయి పుండ్లయ్యాయి. వాటి మీద పసుపు చల్లారు. తిరిగి ఇచ్చెయ్యమని ఇమాముద్దీన్‌ను అడిగాను.

"ఇస్త సార్, నాకేం ఫికర్ లేదు. కానీ మీ ఇంట్ల అమ్మ వద్దంటె మీరు యాడ కడతరు? గామెతోని ఒక మాట చెప్పించుండ్రి. రేపే తెచ్చి మీ గుమ్మం కాడ దించుత."

అది న్యాయమైన మాట. తిరుగు బస్సులో, ఆమెకు ఎలా చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. ఇంటికి వచ్చేసరికి పద్మారాణి పొయ్యి దగ్గర కూర్చుని ఊదుతోంది. నేను ఎక్కడికి పోయానని అడగలేదు. "కాళ్ళు కడుక్కోండ్రి బావా, రొట్టె ఏస్త" అన్నది. కాళ్ళు కడుక్కుని తిన్నాను.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. టట్టు బట్టీలోనే ఉంది. అది పది గంటల పది నిమిషాలకే వచ్చిందనీ, చిక్కం మూతికే ఉందనీ, నేను చూసి కూడా లేవలేదనీ పద్మారాణికి ఇంకా చెప్పలేదు.