గ్రీజు పెట్టెలో ఎన్నికల పాట

మా హైస్కూల్లో ఫోన్ల పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. పెట్టె కూడా మాదే. ట్రాక్టర్ మెకానిక్ మౌలాలీ, అంటే మా నాన్న, షెడ్డులో వాడి పడేసిన టూల్ బాక్సు. ఎంత తుడిచినా గ్రీజు వాసన పోదు.

ఈ ఏడు ఫోన్ల రూలు పిల్లల్నే పెట్టుకోమన్నారు హెడ్మాస్టరమ్మ శేషారత్నం మేడం. పదో తరగతి లీడర్ని కాబట్టి ప్రేయర్లో మైకు నా చేతికొచ్చింది. గేటు లోపల ఎవరి ఫోన్ మోగినా చివరి గంట దాకా పెట్టెలోకే అన్నాను. మా క్లాసు హర్ష లేచాడు.

"ఎవరిదైనా అంటే పెద్దోళ్లదీనా?"

"ఎవరిదైనా అంటే ఎవరిదైనానే!"

అక్కడితో ఆగొచ్చు కదా! నా నోరు ఊరుకోదు. "ఒక్కరిని వదిలేసినా ఆ రోజే పెట్టె మూలన పడేస్తా, ఎవరి ఫోన్లు వాళ్లు వాడుకోండి" అనేశాను. మైదానమంతా చప్పట్లు.

వారం తిరక్కుండానే హర్ష ఫోనే మోగింది. మొహం ముడుచుకుని పెట్టెలో వేశాడు. చేసింది వాళ్ల తాత చెన్నకేశవరావు. మనవడు ఎత్తకపోయేసరికి విషయం కనుక్కుని, మధ్యాహ్నానికి బడికే వచ్చేశాడు.

మా ఊళ్లో బస్సు ఆగాలన్నా, కరెంటు స్తంభం జరగాలన్నా ఆయన ఒక మాట చెప్పాలి. చెప్పాడంటే పని అయిపోయినట్టే. మా నాన్న బాగుచేసే ట్రాక్టర్లలో సగం ఆయన మనుషులవే.

"ఏందమ్మా, సాయంత్రం దాకా ఎందుకు? ఇచ్చెయ్యండి. మన పిల్లోడే గదా" అన్నాడు వరండాలో కూర్చుని.

"పెట్టె సమ్రీన్ దగ్గరుందండీ" అన్నారు మేడం. నన్ను ముందుకు తోసి తప్పుకున్నారని ఒళ్లు మండింది.

సరిగ్గా అప్పుడే తాత జేబు మోగింది. సర్పంచి ఎన్నికల్లో ఆటో మైకుల్లో ఊరంతా తిప్పిన పాట! "వచ్చాడు వచ్చాడు చెన్నకేశవన్న, వాడవాడా వెలుగంట చూడు చిన్నన్న!" ఎన్నికలై ఏళ్లయినా రింగ్‌టోన్ మార్చలేదు మహానుభావుడు. కిటికీలన్నిటా తలలు మొలిచాయి.

రేపట్నుంచి షెడ్డుకు ట్రాక్టర్లు రాకపోతే? అయినా పెట్టె పట్టుకెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"తాతా, ఫోన్."

"ఏమే, మౌలాలీ కూతురివి గదా నువ్వు? మీ నాయనే నా ముందు నోరెత్తడు."

"రూలు మా నాన్న పెట్టలేదు తాతా. మేం పెట్టాం."

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. నా పని అయిపోయిందనుకున్నాను. వెనక నుంచి హర్ష గొంతు వినబడింది.

"తాతా, నా ఫోన్ సాయంత్రం తీసుకుంటాలే. నీది ఎయ్యి."

"ఒరేయ్!"

"నువ్వెయ్యకపోతే రేపట్నుంచి ఎవుడూ ఎయ్యడు. నీ మూలంగానే రూలు పోయిందంటారు. నాకు చానా సిగ్గుగా ఉంటది."

తాత మనవణ్ణి చూశాడు, కిటికీల్ని చూశాడు. ఠక్కుమని ఫోన్ పెట్టెలో పడింది. అబ్బ, బడి బడంతా ఎంత కేక పెట్టిందో! మేడం ఎవర్నీ ఊరుకోమనలేదు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఫోన్ లేకుండా కదలనని తాత కుర్చీలోనే ఉండిపోయాడు. ఆయన్ని వెతుక్కుంటూ బైకుల మీద మనుషులొచ్చారు. "ఫోన్ ఎత్తవేంది పెదనాన్నా?" అని అడిగితే, "జప్తులో ఉంది, నోరు మూసుకుని పోండి" అన్నాడు.

చివరి గంట కొట్టగానే ఫోన్ల కోసం పిల్లలు వరస కట్టారు. తాత లేచాడు.

"ముందు మీరు రండి తాతా" అన్నాను.

ఆరో తరగతి సింధు గయ్యిమంది. "అక్కా, వరస!"

నాలుక కరుచుకున్నాను. తాత సింధు వంక చూసి, కండువా సర్దుకుని వెళ్లి దాని వెనక నిలబడ్డాడు. ఆయన వరసలో నిలబడటం మా ఊళ్లో ఎవరూ ఎరగరు.

అంతలో పెట్టెలోంచి పాట మొదలైంది. "వచ్చాడు వచ్చాడు..." వరసంతా పకపకా నవ్వింది. ముందు సింధు పాట అందుకుంది, తర్వాత అందరూ. నవ్వుతూనే నేను భయంభయంగా తాత మొహం చూశాను.

"ఏందిరా ఆ పాడటం, అన్నం తినలా?" అన్నాడు తాత. "గట్టిగా పాడండి."