భర్త పేరు అడగలేదు

కువైట్‌లో శుక్రవారం సెలవు. ఆ పొద్దున్న జ్యోతిలక్ష్మి పెసరట్టు తిరగేస్తుంటే, సోమేశ్వరరావు మంచం మీంచే చెయ్యి చాపి, "నీ ఫోనిటియ్యి, నీ టాక్సు పని కానిచ్చేస్తాను" అన్నాడు. ఉప్పు డబ్బా అందుకోమన్నంత తేలిగ్గా అన్నాడు. అమలాపురంలో రెండు దుకాణాలున్నాయి. జ్యోతి జీతంతో కొన్నవి, జ్యోతి పేరునే ఉన్నాయి. వాటి అద్దెకి ఏటా ఇండియాలో రిటర్న్ వెయ్యాలి. ఇన్నేళ్ళూ అక్కడి ఆడిటరు కాగితం తయారుచేసి పంపితే, దానిమీద జ్యోతి సంతకాన్ని జ్యోతికంటే అందంగా ఈయనగారే గీకేసి పోస్టు చేసేవాడు. ఆ ఏడు, అంటే 2015లో, కొత్త పద్ధతొచ్చింది. సంతకం బదులు ఫోనుకో కోడ్ వస్తుంది, అది కొడితే చాలు. ఆ ఫోను మాత్రం జ్యోతిది.

"నేనే వేసుకుంటానండి" అంది. అనేశాక తనకే ఆశ్చర్యమేసింది. ఆయన పకపకా నవ్వి, కళ్ళజోళ్ళు అమ్మినంత సుళువు కాదే అన్నాడు. పదకొండేళ్ళుగా హవల్లీ పేటలో ఓ కళ్ళజోళ్ళ దుకాణంలో వచ్చిపోయే వాళ్ళ చూపు పరీక్షించేది ఆవిడే. ఇంటాయన లెక్కలో మాత్రం అది అమ్మకం. ఎనిమిదిగంటలు నిలబడి, వస్తూ వస్తూ కూరలు మోసుకొచ్చి, స్నానమైనా చెయ్యకుండా పొయ్యి వెలిగిస్తే అది ఇంటిపని. ఆయన ఫోనులో ఓ కోడ్ కొడితే అది బాధ్యత. పోనీలే అనుకుని, అట్లు మూతపెట్టి, చట్నీ పక్కన పెట్టి, పై అంతస్తుకి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

పై ఫ్లాట్లో గంగారత్నం ఉంటుంది. రాజోలు మనిషి, ఓ కంపెనీలో లెక్కలు చూస్తుంది, తన రిటర్న్ తనే వేసుకుంటుంది. ఆవిడ కంప్యూటర్ తెరిచి కుర్చీలో జ్యోతినే కూచోబెట్టింది. జ్యోతి తన పేరు కొట్టింది. తర్వాత ఆ ఫారం తండ్రి పేరు అడిగింది. జ్యోతి వేళ్ళు ఆగిపోయాయి. నాన్న పోయి పద్నాలుగేళ్ళు, ఆ పేరు రాసి ఎన్నాళ్ళయిందో గుర్తే లేదు. అక్షరం అక్షరం చూసుకుంటూ నొక్కింది. తర్వాత స్టేటస్ అన్నచోట ఇండివిడ్యువల్ అని ఎంచమంది రత్నం. ఎంచి, కిందకీ పైకీ వెతికింది జ్యోతి.

"భర్త పేరెక్కడ రాయాలక్కా?"

"అది అడగదే అమ్మాయ్."

"పెళ్ళయిందో లేదో?"

"దానికక్కర్లేదు. మనూళ్ళో మొగుడూ పెళ్ళాం కలిపి వేసే రిటర్న్ ఉండదు. నీది నీదే, ఆయనది ఆయనదే."

జ్యోతికి నవ్వాగలేదు. కువైట్ వచ్చిన కొత్తలో ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఆయన మీద; ఉద్యోగం వచ్చాక కఫీల్ మీద, అంటే పనిచ్చిన యజమాని మీద. పాస్‌పోర్టులో భర్త పేరు, పిల్లాడి బళ్ళో తండ్రి సంతకం, ఆస్పత్రిలో మీవారెక్కడ అన్న ప్రశ్న. ఎక్కడికెళ్ళినా పక్కనో మగాడి పేరు నిలబెట్టాల్సిందే. ఇక్కడెవరూ అడగలేదు! మళ్ళీ మొదటికెళ్ళి ఆ పేజీ అంతా చదువుకుంది. ఒళ్ళంతా తేలిపోతోంది, ఇంకోసారి చదవబుద్ధేసింది. టాక్సు కాగితం చూసి ఇంత సంబరపడే మనిషిని నేనెప్పుడూ చూళ్ళేదే అని రత్నం టీ పెట్టడానికి లేచింది.

తగ్గింపుల దగ్గరికొచ్చాక తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ఉందా అనడిగింది రత్నం. ఉంది, అత్తగారు బుల్లెమ్మకి ఏటా నా అకౌంట్లోంచే కడుతున్నాను అంది జ్యోతి. అత్తగారు నీకు పనికిరారు, కన్నవాళ్ళకి కడితేనే నీకు తగ్గింపు అంది రత్నం. జ్యోతి కిందకి ఫోన్ చేస్తే, అట్లు తింటూ సోమేశ్వరరావు అంతే తేలిగ్గా, "అక్కడ పేరడగదు, డబ్బెంతో అడుగుతుంది. పెట్టెయ్. మా అమ్మ నీకు అమ్మ కాదా ఏం?" అన్నాడు.

ఆ మాట పెళ్ళినాటినుంచీ వింటున్నదే. అత్తగారికి పాలసీ తీసుకున్ననాడు అదే మాట. జ్యోతి తల్లి వీరవేణి రావులపాలెంలో జాకెట్లు కుట్టుకుని బతుకుతుంది. కిందటేడు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళొచ్చి గిలగిల్లాడితే, డబ్బు పంపుతానంది జ్యోతి. మీ తమ్ముడున్నాడుగా, పెళ్ళైన పిల్ల పుట్టింటికి పంపితే మావాళ్ళ ముందు నా పరువేం కాను అన్నాడీయన. జ్యోతి పంపలేదు. అమ్మ మోటారు కుట్టుమిషను అమ్మి ఆపరేషన్ చేయించుకుని, ఫోన్లో మాత్రం, ఆ మిషను ఖాళీగానే ఉందిలే, అడ్డంగా ఉందని తీసేశాను అంది. అమ్మకి పాలసీ తీసుకుందామని ఎన్నిసార్లు అనుకుందో, అన్నిసార్లూ మానేసింది. తన డబ్బు తనే దొంగిలిస్తున్నట్టు సిగ్గుపడింది. తల్చుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండిపోతోంది.

అత్తగారి ప్రీమియం ఆ గడిలో పెట్టలేదు. సున్నా కొట్టింది. పన్ను కాస్త పెరిగింది, అక్కడే కట్టేసింది. పన్ను కడుతూ ఇంత హుషారేంటని రత్నం వేళాకోళం చేసింది. కోడ్ వచ్చింది, కొట్టింది, అయిపోయింది. ఆ కుర్చీలోంచి లేవకుండానే అమ్మకి ఏ పాలసీ మంచిదో రత్నంతో కలిసి వెతికి, ఆ పూటే తీసుకుంది.

కిందకొచ్చేసరికి ఎంగిలి ప్లేటు బల్లమీదే ఉంది. సోమేశ్వరరావు సంగతంతా విని, బంగారంలాంటి తగ్గింపు పాడుచేశావు, నీకు లోకజ్ఞానం లేదు అన్నాడు. జ్యోతి ఆ ప్లేటు ముట్టుకోలేదు, ఎదురుగా కూచుంది. వచ్చేనెల అత్తయ్యగారి పాలసీకి మీరే కట్టండి, తేదీ తప్పితే ఆవిడకి ఇబ్బంది, మర్చిపోవద్దు అంది. ఆయన చెయ్యి తుడుచుకోవడం ఆపేసి తెల్లబోయి చూశాడు.

"అంటే? మా అమ్మ నీకేమీ కాదన్నమాట."

"ఎందుక్కాదండీ, అత్తగారు. అమ్మ నాకు వేరే ఉంది."