వేపపుల్ల పెట్టిన గొట్టం

నేను ఒక రేకు డబ్బీని. జర్దా డబ్బా మూతంత ఉంటాను. నా పేరు వ్యాక్యూమ్ అడ్వాన్స్ అని తెలిసినవాళ్ళు అంటారు. తెలియనివాళ్ళు "ఆ పక్కనున్న డబ్బీ" అంటారు. ఓ తెల్ల అంబాసిడర్ కారులో, ప్లగ్గులకి నిప్పు పంచిపెట్టే డిస్ట్రిబ్యూటర్ నడుముకి నన్ను బిగించారు. నా కడుపులో ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు, పొరకి అతుక్కుని ఒక సన్నని కడ్డీ. అంతే నా ఆస్తి.

నా పనేమిటో చెబుతాను, మీరైనా వినండి. పెట్రోలు ఆవిరి అంటించగానే భగ్గున అయిపోదు, మండడానికి కాస్త సమయం కావాలి. అందుకని పిస్టన్ పైకి చేరకముందే నిప్పురవ్వ పడాలి. చుట్టాలు విస్తళ్ళ ముందు కూర్చున్నాక ఎసరు పెడితే ఎలా? చదును రోడ్డు మీద కారు తేలిగ్గా పోతున్నప్పుడు ఆవిరి పలచగా ఉండి ఇంకా మెల్లగా మండుతుంది. అప్పుడు ఇంజను పీల్పు కార్బొరేటరు నుంచి వచ్చే ఒక గొట్టం గుండా నా పొరని లాగుతుంది, కడ్డీ కదిలి రవ్వని మరికాస్త ముందుకి జరుపుతుంది. కొండ ఎక్కుతూ డ్రైవరు గట్టిగా తొక్కాడా, పీల్పు పడిపోతుంది, స్ప్రింగు నన్ను వెనక్కి తోస్తుంది. అప్పుడు కూడా రవ్వ తొందరపడితే ఇంజనుకి సుత్తి దెబ్బలే. సమయానికి వెనక్కి తగ్గడం నాకు తెలుసు. మనుషుల్లో ఈ విద్య తక్కువే.

నా యజమాని గుంపస్వామిది శృంగవరపుకోట. ఆ కారే ఆయన బతుకుదెరువు. ప్రతి లక్ష్మివారం ఎస్తేరు అనే నర్సమ్మని, పిల్లల టీకాలున్న ఐసు పెట్టెతో సహా, అనంతగిరి ఘాటు ఎక్కించేవాడు. ఆ ఒక్క బేరాన్ని నమ్ముకునే కారుని ఇంకా ఉంచుకున్నాడు.

ఒక వేసవిలో, డిస్ట్రిబ్యూటర్ లోపల రవ్వ పుట్టించే పాయింట్లు అరిగిపోయి, కారు కామేశు షెడ్డుకి చేరింది. ఆ చుట్టుపక్కల కామేశు చెవికి పేరుంది. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడంటే రోగం దొరికినట్టే. దీపం వెలిగించి టైమింగు, అంటే రవ్వ పడే సమయం, చూసేవాళ్ళంటే ఆయనకి నవ్వు. టైమింగు పెట్టేటప్పుడు నేను అడ్డు రాకూడదు కాబట్టి నా గొట్టం పీకాడు. అది పద్ధతే. గొట్టంలోకి గాలి పోకుండా, నోట్లో నములుతున్న వేపపుల్లని విరిచి చివర దోపాడు. అదీ బాగానే ఉంది. పని కాగానే ఎవరో లారీవాళ్ళు పిలిచారు. వెళ్ళొచ్చి బానెట్ మూసేశాడు. పుల్ల అలాగే ఉండిపోయింది.

రోడ్డు మీద నడిపి చూస్తే బండి బద్ధకించింది. బద్ధకించదూ మరి, నన్ను మూల కూర్చోబెడితే! కామేశు కారణం వెతకలేదు. డిస్ట్రిబ్యూటర్‌ని ఇంకాస్త ముందుకి తిప్పి బిగించేశాడు. ఇక కొండైనా చదునైనా రవ్వ ఎప్పుడూ ముందే.

"సూడు బావా, గుర్రంలాగ లేదేటి!" అన్నాడు. గుంపస్వామి మురిసిపోయాడు.

మురిపెం లక్ష్మివారం దాకానే. మూడో మలుపులో ఇంజను డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు మోగింది. ఐదో మలుపులో రేడియేటరు బుస్సుమని పొంగింది. ఐసు నీళ్ళయిపోయి టీకాలన్నీ పారెయ్యాల్సి వచ్చింది. పైన తల్లులు పసిబిడ్డలతో ఎదురుచూసి వెళ్ళిపోయారట. మరుసటి వారమూ ఇదే వరస.

కామేశు మళ్ళీ చెవి పెట్టి, "ఇంజను ముసిల్దయిపోనాది బావా. పాత ఇనుము కొట్టుకి ఇచ్చీ" అని తేల్చేశాడు. ఆ చెవి చెప్పాక ఎదురేముంది? గుంపస్వామికి అన్నం సహించలేదు.

నర్సమ్మ కూడా దాచుకోకుండా చెప్పింది. "ఇంకొక్క లక్ష్మివారం చూస్తాను గుంపస్వామీ. మళ్ళీ ఆగిందంటే జీపు మాట్లాడుకుంటాను. ఏమీ అనుకోకు, నాకు ఆ పిల్లలు ముఖ్యం."

ఆ లక్ష్మివారం మూడో మలుపులో మోత మొదలవగానే ఆయనే కారు ఆపి బానెట్ ఎత్తాడు. కళ్ళలో నీళ్ళు. నోరుంటే అరిచి చెప్పేదాన్ని. నర్సమ్మ దిగొచ్చి లోపలికి తొంగి చూసింది.

"ఇదేంటి, గొట్టానికి పుల్ల?"

"కామేసు ఎట్టినాడమ్మా. ఎందుకో మరి."

"మా ఆసుపత్రిలో ఇలా గొట్టం మూసి మరిచిపోతే మనిషి పోతాడయ్యా!" అంటూ పుల్ల పీకేసింది. ఖాళీగా ఉన్న నా మూతిని చూసి, గొట్టాన్ని కార్బొరేటరు నుంచి ఊడదీసి నాకు తొడిగింది. రెండో చివర గాజు సిరంజి పెట్టి లాగింది. ఇన్ని వారాలుగా కదలని నా కడ్డీ టక్కుమంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తున్న గుంపస్వామి కళ్ళ ముందే లోపలి పలక తిరిగింది.

"బతికే ఉంది నీ డబ్బీ!" అంది.

అప్పుడు ఆయనకి వెలిగింది. నా బదులు కామేశు డిస్ట్రిబ్యూటర్ మెడ తిప్పాడు. పాత చోటు చూపించే గీత ఇంకా కనబడుతూనే ఉంది. కానీ స్పానరు పట్టిన చెయ్యి ఆగిపోయింది.

"కామేసు సెవితో ఎట్టిన టైమింగమ్మా. మనం మారిస్తే ఊరుకోడు."

"కొండెక్కేది నువ్వా, కామేశా?"

గుంపస్వామి స్పానరు తిప్పాడు. గీతకి గీత కలిపి బిగించాడు, గొట్టాన్ని నాకూ కార్బొరేటరుకీ తగిలించాడు. ఎక్కుడు వచ్చినప్పుడల్లా నేను వెనక్కి తగ్గాను, చదును రాగానే ముందుకి జరిగాను. మోత లేదు, పొంగు లేదు. పైకి చేరి పెట్టె తెరిస్తే ఐసు ఇంకా గడ్డకట్టే ఉంది. ఆ రోజు టీకా లేకుండా ఒక్క బిడ్డ కూడా తిరిగి వెళ్ళలేదు. గుంపస్వామి ఓ చెట్టు కింద కూర్చుని, పిల్లల ఏడుపులు వింటూ నవ్వాడు.

దిగాక నేరుగా షెడ్డుకి పోనిచ్చాడు. కామేశు స్క్రూడ్రైవరు పెట్టి చాలాసేపు విన్నాడు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గుంపస్వామి అరచేతిలో వేపపుల్ల ఉంది. కామేశు ముఖం మాడిపోయింది. బుకాయిస్తాడేమో అనుకున్నాను.

"నాదే బావా. ఎట్టింది నేనే, మరిసిపోయింది నేనే. నీ బండిని నా సేతుల్తోనే సంపీసేవోణ్ణి" అన్నాడు.

నర్సమ్మ రిటైరయ్యేదాకా ఆ కారు కొండెక్కింది. తరవాత నా పొర చిరిగిపోయింది. నన్ను మార్చింది కామేశే. పాత ఇనుములో పడేస్తాడనుకుంటే, తను దాచుకున్న ఆ పుల్లని తీగతో నాకు కట్టి, షెడ్డు స్తంభానికి తగిలించాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ఆయన చెవిని పొగిడితే, ఆయన ఓసారి నా వైపు చూస్తాడు.

"సెవి మాట తరవాత బాబూ. ముందు గొట్టాలు సూడనీ."