రెండో టేక్

మా సుక్కమ్మ నాయనమ్మ శోకం పెడితే పగవాళ్ళకు కూడా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆమెకే కబురొచ్చేది. పోయినవాళ్ళ మంచీ చెడ్డా అప్పటికప్పుడు రాగం కట్టి ఏడ్చేది. అలాంటి మనిషి, సొంత కొడుకు, అంటే మా బాపు, కరోనాలో పోతే నోరు విప్పలేదు. అంటుకుంటుందని ఆసుపత్రివాళ్ళే బాపును మూటగట్టి తీసుకుపోయి దహనం చేశారు. మాకు ముఖం కూడా చూపించలేదు. "పీనుగు ముంగట లేకుంట ఎవల మీద వడి ఏడ్వాలె?" అని ఊరుకుంది. ఊరు మాత్రం ఊరుకుంటుందా, ముసల్దానిది రాతిగుండె అంది.

నేను సిటీలోని యూనివర్సిటీలో సౌండ్ రికార్డింగ్ చదువుతున్నాను. చివరి ప్రాజెక్టుకు నాయనమ్మ శోకం రికార్డు చేస్తానని రాసిచ్చాను. అది సరిగ్గా రాకపోతే ఈ ఏడు గట్టెక్కను. విషయం చెప్పగానే ఆమె మండిపడింది.

"సావు లేని ఇంట్ల శోకం వెడితే కీడు. గంత సదువుకున్నవ్, గది తెల్వదా?"

"గది ఇల్లు గాదు నాయనమ్మా, స్టూడియో. తలుపేస్తే సప్పుడు బయటికి పోదు."

"ఎవ్వలకు ఇనవడది గద?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, చివరికి సరేనంది.

స్టూడియోలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. శోకం కుర్చీలో కూర్చుని పెట్టేది కాదట. నేల మీద చతికిలబడితే మైకు కిందికి దించాను. అద్దానికి ఇవతల నేను, నా ప్రాజెక్టు చూసే రామారావు సార్. ఏదో పాత చావు గుర్తు తెచ్చుకుని పాడుతుందిలే అనుకున్నాను.

"పరమేశా... నా కొడుకా..."

అది మా బాపు పేరు.

"నీ మొకం జూడనియ్యకపాయిరి కొడుకా... నోట్లె సుక్క నీళ్ళు వోయనియ్యకపాయిరి కొడుకా..."

సౌండ్ మీటరు ఎర్రగీత దాటిపోయింది. రికార్డింగులో గొంతు పగిలిపోతోంది. లెవెల్ తగ్గించడం నా పని, కానీ తగ్గించలేదు. హెడ్‌ఫోన్లు అక్కడే పడేసి లోపలికి పరిగెత్తాను. నాయనమ్మ నా మెడ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, బాపు పోయాక మొదటిసారి.

కాసేపటికి స్పీకర్లో సార్ గొంతు వినిపించింది. "చాలా బాగా పాడారమ్మా. కానీ సౌండ్ పగిలింది, మధ్యలో మీ మనవరాలు కరుణ ఏడుపు కూడా కలిసింది. మంచినీళ్ళు తాగి ఇంకొక్క టేక్ ఇస్తారా?" ఆయన మంచివాడే. నేను గట్టెక్కాలనే ఆయన తాపత్రయం.

టేకంటే ఏందని నాయనమ్మ నన్నడిగింది. మళ్ళా మొదటికెల్లి ఏడ్వమంటుండని చెప్పాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అద్దం వైపు చూసింది. కోపం లేదు.

"ఒక్క సావుకు ఒక్కపారే సారూ. నా కొడుకు గిప్పుడే పోయిండు. ఇంటికి వోయి తానం జెయ్యాలె."

ప్రాజెక్టు ఏమైతే అయిందని ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. ఇంటికొచ్చి ఇద్దరం నెత్తి మీంచి నీళ్ళు పోసుకున్నాం.