కంటికి లక్క రంగు

ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే వీరన్నకు షుగర్ వల్ల కంటి లోపలి పొరలో రక్తం కారుతోంది. చూపు పోతే పని పోతుంది. అయినా లేజర్ చికిత్సకు ఒప్పుకోలేదు. బొమ్మల మీద పేర్లు చెక్కే దుకాణంలో లేజర్ కిరణం చెక్కను నల్లగా కాల్చడం అతడు చూశాడు.

"సెక్కని మాడ్సీసేది కంటిని ఒగ్గేత్తాదేటి మేస్టారూ?"

నేను భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. ఆ అనుమానాన్ని కొట్టివేయలేకపోయాను. మోకాళ్ల నొప్పులకు ఎర్రదీపం చూపించి లేజర్ అని నమ్మించే శిబిరాలు నాకు తెలుసు. అందుకే అతడితో అనకాపల్లి కంటి ఆసుపత్రికి వెళ్లి, డాక్టర్ రాజశ్రీని నేనే అడిగాను.

"ఇది కంటిని కాలుస్తుందా?"

"కాలుస్తుంది. పొర అంచుల్లో చిన్న చిన్న చుక్కలుగా. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టడానికే చేస్తాం."

దాచకుండా చెప్పినందుకు నాకు కొంత నమ్మకం కలిగింది. వీరన్నకు కలగలేదు.

"ఏడి సాలిందని మీకెలా తెలుత్తాది డాక్టరమ్మా?"

"ముందు తక్కువ వేడితో ఒక్క చుక్క పెడతాను. అక్కడ రంగు ఎంత మారిందో చూసి, చాలకపోతే కొంచెం పెంచుతాను."

వీరన్న నావైపు తిరిగాడు. "తిరిగే కర్రకి లక్క నానూ అలాగే ఎడతాను మేస్టారూ! ముందు సన్నంగా ఆనించి, రాపిడి ఏడికి కరిగి అంటిన రంగు సూసి నొక్కుతాను."

తరువాత యంత్రం మీద గడ్డం ఆనించి, అనుమానం పూర్తిగా వదలని గొంతుతోనే అన్నాడు.

"రంగు మారీసరికి ఆపీయాలమ్మా. తొందరపడితే మాడిపోద్ది."