పురమాయించిన స్నేహం

అమ్మ నాకు చాలా పనులు చెప్పేది. పాలు తెమ్మనేది, బట్టలు ఆరేయమనేది, పక్కింటావిడకి గిన్నె తిరిగిచ్చి రమ్మనేది. అవన్నీ సణుక్కుంటూనైనా చేసేదాన్ని. స్నేహం చెయ్యమని కూడా పురమాయిస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"మేడమ్‌గారమ్మాయి రేపు మీ క్లాసులోనే చేరుతోందే. కొత్త ఊరు, కొత్త హైస్కూలు. ఎవరితోనూ కలవదట పాపం. కాస్త పక్కన కూర్చో," అంది చెప్పులు విప్పుతూ.

మేడమ్ అంటే పళ్ల డాక్టరు. అమ్మ ఆవిడ దగ్గర అసిస్టెంటు. పొద్దుటి నుంచి కుర్చీ పక్కన నిలబడి, పేషెంటు నోట్లో ఊరే నీళ్లు గొట్టంతో లాగాలి, పళ్ల అచ్చు తీయడానికి ముద్ద కలపాలి, పనిముట్లన్నీ కడిగి మరిగించాలి. ఇంటికొచ్చేసరికి పాదాలు వాచిపోయి ఉంటాయి.

"ఆవిడ నీకు జీతమిచ్చేది పళ్లు చూడ్డానికా, పిల్లని చూడ్డానికా?" అన్నాను.

"నోర్ముయ్. అంత పెద్దావిడ మొహమాటపడుతూ అడిగితే, మొహం మీద కాదని చెప్పమంటావా? ఈ ఉద్యోగం పోతే ఇంకోటి ఎక్కడ వెతకనే? ఆ పిల్లకి మాత్రం చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది."

క్లాసులో నన్ను మిరపకాయ అంటారు. ఊరికే అనరు. అయినా అమ్మ పాదాలు చూశాక సరేనన్నాను.

ఆ పిల్ల వచ్చింది. పళ్లకి తీగలు, మాట్లాడితే నోటికి చెయ్యి అడ్డం. టీచరు ఏదో అడిగితే గుటకలు మింగుతూ నిలబడింది. మధ్యాహ్నం అయ్యీ అవకముందే నా స్నేహితురాలు పొట్టి ఆ అమ్మాయికి "తీగ" అని పేరు పెట్టేసింది. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను. పొట్టి, పొడుగు, నేను ఆరో క్లాసు నుంచీ ఒకే బెంచి. నవ్వడం అయ్యాక సంచి తీసుకుని వెళ్లి తీగ పక్కన కూర్చున్నాను.

"అబ్బో! డాక్టరుగారమ్మాయి దొరికాక మేమింకెక్కడ కంటికి ఆనతాంలే!" అని పొడుగు మూతి తిప్పుకుంది.

మొదట్లో తీగతో నరకమే అనుకోండి. అడిగితే ఊ, అడక్కపోతే అదీ లేదు. ఇంటికెళ్లి అమ్మ మీద విరుచుకుపడేదాన్ని. "ఇంకొన్నాళ్లు చూడవే, నా తల్లివి కదూ," అని బతిమాలేది.

తీగ రోజూ డబ్బాలో ఒక ఆపిల్ తెచ్చుకునేది. తీగలతో కొరకలేక, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ డబ్బాలో పెట్టేసుకునేది. చూసి చూసి నాకు ఒళ్లు మండింది. ఒకరోజు ఇంటి దగ్గరే ఆపిల్ సన్నగా ముక్కలు కోసి పట్టుకెళ్లాను. ఆ పని నాకు ఎవరూ చెప్పలేదు.

"తిని ఏడు. చూడలేక చస్తున్నాను," అన్నాను.

ఫక్కున నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

అంతే, ఆ రోజు నుంచి దాని నోటికి తాళం ఊడిపోయింది. వాళ్లమ్మ గొంతు పెట్టి, "ఆ... ఇంకా పెద్దగా తెరువు... మొన్న తిన్నది కూడా కనపడాలి," అని లెక్కల మాస్టారి వెనకాల అంటే, నవ్వాపుకోలేక నేను బెంచి కింద దూరాను. పాత బళ్లో దాని పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదట. ఆ సంగతి చెప్తూ, "మరి నువ్వెందుకు కూర్చున్నావే?" అంది. "ఖాళీ ఉంది గనక," అన్నాను. నమ్మింది, పిచ్చిమొహం.

జ్వరమొచ్చి అది రాని రోజున క్లాసంతా చప్పగా ఉండేది. పొట్టి, పొడుగు పక్కనే ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టుండేది. తీగంటే నాకు అంత ఇష్టం పట్టుకుంది.

పేరెంట్స్ మీటింగు రోజున మేడమ్, అమ్మ కలిసే వచ్చారు. వరండాలో నేను, తీగ నిలబడి ఉన్నాం. పొట్టి, పొడుగు కూడా అక్కడే. మేడమ్ ప్రేమగా నా భుజం మీద చెయ్యి వేశారు.

"మీ అమ్మతో నేనడిగిన మాట నిలబెట్టావు తల్లీ. నువ్వు పక్కన కూర్చోకపోతే ఇది ఈపాటికి బడి మానేసేది."

పోనీ మా అమ్మయినా ఊరుకోవచ్చు కదా! మొహం చాటంత చేసుకుని, "మీరు అడగడమూ, ఇది చెయ్యకపోవడమూనా మేడమ్! మొదట్లో ససేమిరా అంది. నేనే మెడలు వంచి పంపాను," అంది.

"ఓహో, అదా సంగతి!" అంది పొడుగు.

తీగ నా వైపు చూసింది. భూమిలోకి కుంగిపోయాను. నేను నోరు తెరిచేలోపే వాళ్లమ్మ వెనకాల వెళ్లిపోయింది.

మర్నాడు పొట్టీ పొడుగూ మధ్య కూర్చుని ఉంది. వాళ్లే పిలిచి చోటిచ్చారు. సిగ్గు విడిచి దగ్గరికి వెళ్లాను.

"మొదట అమ్మ చెప్పిందనే వచ్చాను. తర్వాత మాత్రం కాదే, ఒట్టు."

"తర్వాతంటే ఎప్పట్నుంచి?"

"ఆపిల్ తెచ్చినప్పట్నుంచి," అన్నాను. పొట్టి పగలబడి నవ్వింది. తీగ మాత్రం నవ్వలేదు.

"నేను బాగానే ఉన్నానని మీ అమ్మకి చెప్పు," అంది.

ఇంటికెళ్లి సంచి విసిరికొట్టాను. "నీ ఉద్యోగం కోసం నన్ను వాడుకున్నావు. నాకున్న ఒక్క స్నేహితురాలినీ నీ నోటితో పోగొట్టావు," అని వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది.

"నాకేం తెలుసే, నువ్వు నిజంగానే..." అంటూ ఆగిపోయింది. నా తల నిమిరి, "ఏడవకు. నేను చూసుకుంటాగా," అంది.

ఎలా చూసుకుంటుందో అడగాల్సింది. ఏడుపులో అడగలేదు.

రెండ్రోజుల తర్వాత తీగ సంచి పట్టుకుని నా బెంచి దగ్గరికి వచ్చి నిలబడింది.

"కాస్త జరుగు."

ప్రాణం లేచొచ్చింది. గబగబా జరిగాను. "వచ్చేశావా!" అన్నాను.

"నువ్వు ఒకటే ఏడుస్తున్నావని మీ అమ్మ మా అమ్మకి చెప్పిందట. నీ పక్కన కూర్చోమని మా అమ్మ చెప్పింది," అంది. కోపంగా కూడా అనలేదు. పుస్తకం తెరిచి చదువుకోవడం మొదలుపెట్టింది.

ఎవరిక్కావాలి నీ ముష్టి స్నేహం, లేచి పో అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. అంటే నిజంగానే లేచి వెళ్లిపోతుందని భయమేసింది. నేనూ పుస్తకం తీశాను.